హర్టుఫర్డుషైరు భవనములు, వంశచరిత్రలు

వంశచరిత్ర వ్రాయుట రెండు విధములు. వంశమును పొగడుటకై వ్రాయుట యొకటి, వంశమును తెలిసికొనుటకై వ్రాయుట మఱియొకటి. మొదటిదానికి కవి చాలును. రెండవదానికి కాగితము కావలయును. ఆంగ్లేయదేశమున ఈ రెండు విధములును నాలుగువందల యేండ్లకు పైగా ప్రక్కప్రక్కనే సాగివచ్చినవి. ఆ దేశమున కౌంటీ యనునది మన జిల్లా వంటిది. ఒక్క కౌంటీని తీసికొని అచటి పాత కుటుంబములను, పాత భవనములను శోధించువారు ఏ పత్రములను చూతురో, దేనిని నమ్ముదురో, దేనిని నమ్మరో గమనించినచో మనవారు నేర్చుకొనవలసినది కొంత కలదు, అడుగవలసినది కొంత కలదు. లండనునకు ఉత్తరమున నానుకొనియున్న హర్టుఫర్డుషైరును ఇందులకై యెన్నుకొనుచున్నాను. అది చిన్న కౌంటీ. కాని రాజధానికి చేరువ యగుటచేత ధనము గడించినవారనేకులు అచట నొక భవనము కట్టుకొన గోరిరి. అందొక భవనపు కథ మన ఉత్తర సర్కారుల దాక వచ్చును.

పొగడ్త కొఱకైన వంశచరిత్రకు ఆ కౌంటీలోనే గొప్ప యుదాహరణ మున్నది. ఎలిజబెత్తు రాణికి మంత్రియైన బర్లీ ప్రభువు, విలియం సెసిల్, చెషంటు సమీపమున థియోబాల్డ్సు అను మహాభవనమును కట్టించెను. అందొక పొడవైన మందిరమున గోడలపై చెట్లు చిత్రింపించి, ఒక్కొక్క కౌంటీకి ఒక్కొక్క చెట్టు చొప్పున, ఆయా కౌంటీలలోని పెద్దకుటుంబముల చిహ్నములను కొమ్మలకు వ్రేలాడదీసినట్లు వ్రాయించెను. దేశములోని కులీనులందఱి వంశవృక్షములను కరతలామలకముగ నెఱిగిన ఈ మంత్రి తాత వేల్సు సరిహద్దునుండి వచ్చి ఏడవ హెన్రీ కొలువులో చేరిన సామాన్య కుటుంబీకుడు. అధికారము చేతికి వచ్చిన పిదప సెసిల్ తన వంశమును వేల్సు రాజులతో కలుపుటకు ఎంతయో శ్రమపడెను. రాజ్యము నేలువానికి గూడ తాత చాలడు, రాజైన పూర్వుడు కావలయును! ఇది మనకు క్రొత్తగాదు. ప్రవరలో ముగ్గురు ఋషులను తడబడక చెప్పగలవారిలో ముత్తవ్వ పేరు చెప్పగలవారెందఱు?

థియోబాల్డ్సు నేడు లేదు. బర్లీ కుమారుడు రాబర్టు సెసిల్ 1607లో దానిని మొదటి జేమ్సు రాజున కిచ్చి, బదులుగా హాట్‌ఫీల్డును పుచ్చుకొనెను. రాజు శిరశ్ఛేదమైన పిదప, ప్రజాప్రభుత్వ కాలమున, థియోబాల్డ్సును పడగొట్టి ఇటుకలను అమ్మివేసిరి. హాట్‌ఫీల్డున మోర్టను అను మతాధికారి పదునైదవ శతాబ్దాంతమున కట్టించిన పాత ప్రాసాద ముండెను. రాబర్టు సెసిల్ దానిలో మూడు వైపులు పడగొట్టించి, ఆ ఇటుకలనే క్రొత్తభవనమునకు వాడించెను. మిగిలిన యొక్క వైపు ఇప్పటికిని నిలిచియున్నది. ఆ వంశము నేటికిని అచటనే కలదు. ఆ వంశమువాడే సాలిస్‌బరీ ప్రభువు. మన దేశమున ధాత కరువు జనమును మ్రింగుచుండిన 1876, 1877 సంవత్సరములలో లండనున ఇండియా రాజ్యాంగమంత్రి యతడే. హాట్‌ఫీల్డు భవనపు సొగసు చూచివచ్చువారిలో ఆ సంగతి తలచుకొనువారు తక్కువ.

పూర్వము వంశచిహ్నాధికారులు రాజాజ్ఞతో కౌంటీలు తిరిగి, ఎవరు కులీనులో ఎవరు కారో తేల్చి, వంశవృక్షములను వ్రాసికొనుచుండిరి. హర్టుఫర్డుషైరులో 1572లోను, 1634లోను జరిగిన ఇట్టి విచారణలు తరువాత అచ్చుపడినవి. అవి పనికివచ్చునవే, కాని జాగ్రత్తతో చూడవలసినవి. కుటుంబమువారు చెప్పినదానిలో తండ్రి, తాత, ముత్తాతల సంగతి సాధారణముగ నిజము. అంతకు పైకి పోయినకొలది కట్టుకథ హెచ్చును. తరువాత గొప్ప చరిత్రకారులు వచ్చిరి. సర్ హెన్రీ చాన్సీ 1700లో ఈ కౌంటీ చరిత్రను ప్రకటించెను. క్లటర్‌బక్కు 1815 మొదలు 1827 వఱకును, కుస్సాన్సు 1870 మొదలు 1881 వఱకును తమ సంపుటములను వెలువరించిరి. విక్టోరియా కౌంటీ చరిత్ర యను దేశవ్యాప్తమైన ప్రణాళిక 1899లో నారంభమై, హర్టుఫర్డుషైరునకు 1902 మొదలు 1914 వఱకు నాలుగు సంపుటముల నొసగెను. ఈ పండితులందఱు శ్రమజీవులు, నమ్మదగినవారు. కాని వీరి గ్రంథములకు వెన్నెముక భూస్వామ్యము. ఈ భూమి ఎవరిచేతినుండి ఎవరిచేతికి వచ్చెను అనునదే ప్రతి గ్రామమున మొదటి ప్రశ్న. 1907లో ఆ ప్రణాళికక్రిందనే వారండు సంపాదకత్వమున హర్టుఫర్డుషైరు కుటుంబములు అను పెద్ద గ్రంథము వెలువడినది. పేరు చూచిన కౌంటీలోని కుటుంబములన్నియు ఉండుననుకొందుము. లోపల నున్నవి భూస్వాముల వంశములు మాత్రమే. దున్నినవాని కందు చోటులేదు.

దున్నినవాడు దొరకుచోటు వేఱు. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రియైన థామసు క్రాంవెల్ ప్రతి గ్రామపు చర్చియందును జ్ఞానస్నానములు, వివాహములు, సమాధులు పుస్తకమున వ్రాయవలెనని ఆజ్ఞాపించెను. ఇది పన్నుకొఱకు పన్నిన యెత్తని జనము జంకిరి. 1598లో పాత కాగితపు పుస్తకములను తోలుపత్రములపై ఎత్తివ్రాయవలెననియు, ఏటేట నకలు బిషప్పునకు పంపవలెననియు నియమ మేర్పడెను. అసలు చెడిపోయినచోట ఆ నకలే నేడు గతి. 1603 నాటి చర్చి శాసనము ప్రకారము ఈ పుస్తకములను మూడు తాళముల పెట్టెలో దాచవలెను, మూడు చెవులును ముగ్గురియొద్ద నుండవలెను. ఈ నాలుగు శతాబ్దముల పుస్తకములకున్న విశేషమేమనగా, ప్రభువు కొడుకును పాలికాపు కొడుకును ఒక్క పుటలో, ఒక్క సిరాతో, ఒక్కొక్క పంక్తిలో నుందురు. సమాధిరాళ్లపై కనబడని సమత ఈ పుటలపై కనబడును.

అయినను దీని చిక్కులు దీనికి గలవు. 1752కు పూర్వము ఆంగ్లేయుల సంవత్సరాది మార్చి 25వ తేది. కావున 1700 ఫిబ్రవరియని వ్రాసియున్న బిడ్డ మన లెక్కకు 1701లో పుట్టినది. ఇది తెలియనివాడు తల్లిదండ్రుల పెండ్లికి ముందే బిడ్డను పుట్టించి, లేని యపవాదును తెచ్చిపెట్టగలడు. స్త్రీల విషయమున చిక్కు మఱింత పెద్దది. పెండ్లితో ఇంటిపేరు పోవును. సమాధిపుస్తకమున అనేకచోట్ల ఫలానావాని భార్య యని యుండును గాని, ఆమె పేరైన నుండదు. 1882 నాటి చట్టము వచ్చువఱకు వివాహితకు స్వంత ఆస్తి లేదు గనుక, భర్త యనుమతి లేక ఆమె మరణశాసనము చెల్లదు. ఆస్తి పంచుటలో స్త్రీ తన నోట మాటాడినది విధవయైన తరువాతనే. అందుచేత విధవల మరణశాసనములు ఆ దేశపు గృహచరిత్రకు గొప్పనిధులు. ఏ పఱుపు ఏ కూతురికి, ఏ ఇత్తడిపాత్ర ఏ మనుమరాలికి, ఏ గౌను ఏ దాసికి అని గదిగదియు తిరిగి వ్రాయించినట్లుండును. పురుషులు పొలములను లెక్కించిరి, విధవలు ఇంటిని లెక్కించిరి.

ఇంతకన్న విచిత్రమైనవి బీదల వాఙ్మూలములు. 1662లో ఒక చట్టము వచ్చెను. పేదవాడు అన్నమునకు లేక సహాయమడిగినచో వానిని పోషించు భారము వాని స్వగ్రామముది. స్వగ్రామ మేదియన్న ప్రశ్నకు జవాబు చెప్పించుటకు వానిని ఇద్దఱు న్యాయాధికారులయెదుట నిలిపి ప్రమాణము చేయించెడివారు. ఎచట పుట్టితివి? ఎవరియొద్ద పని నేర్చితివి? ఏ రైతుయొద్ద పూర్తిగ ఏడాది కొలువుంటివి? ఏ ఇంటికి ఎంత అద్దె కట్టితివి? ఇట్లు అక్షరము రాని కూలివాని జీవితచరిత్ర యంతయు గుమాస్తా కలమున పడి, క్రింద వాని గుర్తుగా నొక గీటు నిలిచినది. ఏడాది నిండ కొలువున్నచో ఆ గ్రామమున హక్కు వచ్చును గనుక, కొందఱు రైతులు ఏబదియొక్క వారములకే కుదుర్చుకొని, ఒక వారము తక్కువ చేసి పంపివేసెడివారు. నిండుచూలాలిని, బిడ్డ తమ గ్రామమున పుట్టి భారమగునను భయముతో, సరిహద్దు దాటించిన సందర్భములును గలవు. భూస్వామి తన చరిత్రను తాను వ్రాయించుకొనెను. పేదవానిచేత నతని చరిత్రను బలవంతముగ చెప్పించిరి. కాని నేడు తన పూర్వులు కూలివాండ్రని తెలిసిన ఆంగ్లేయుడు, రాజవంశమునకు దొరకని కండగల వివరములు ఈ దారిద్ర్యపత్రములందే దొరకుట చూచి సంతోషించును. అచటి సామాన్యులిప్పుడు ఈ శోధనను సిగ్గుపడక చేయుచున్నారు. 1841 మొదలు పేరుపేరునను వ్రాసిన జనాభాలెక్కలు వారికి రాజమార్గమైనవి. 1921 నాటి లెక్క 2022లో ప్రజలకు తెఱవబడినది. 1931 నాటిది 1942లో అగ్నికి ఆహుతియైనది.

మనుష్యులకు వలెనే ఇండ్లకును జాతకపత్రము లున్నవి. 1662 మొదలు 1689 వఱకు పొయ్యిపన్ను వసూలు చేసిరి. ఏ ఇంట ఎన్ని పొయ్యిలో చూచినచో ఆ ఇంటి పరిమాణము తెలియును. పన్ను ఇచ్చుకొనలేని పేదల పట్టీ వేఱుగ నుండును. 1696 మొదలు 1851 వఱకు కిటికీలపై పన్నుండెను. 1836 నాటి చట్టము ననుసరించి, చర్చికి చెల్లు దశమభాగమును ధనరూపమునకు మార్చుటకై గ్రామగ్రామమునకు పటములు వ్రాసి, ప్రతి చేనికి, ప్రతి ఇంటికి అంకె వేసి, సొంతదారుని, కాపురమున్నవానిని వేఱువేఱుగ పేర్కొనిరి. అయినను పత్రమే చాలదు, కంటితో చూడవలయును. హర్టుఫర్డు, వేర్, సెయింటు ఆల్బన్సు పట్టణములలో వీథివైపు పదునెనిమిదవ శతాబ్దపు ఎఱ్ఱయిటుక గోడ నీటుగ నిలిచియున్న ఇండ్లు చాల గలవు. లోపలికిపోయి అటకయెక్కిన అంతకు రెండు మూడు వందల యేండ్లనాటి కొయ్యచట్రము బయటపడును. ముఖము మాత్రము మార్చికొని వయసు దాచుకొన్న ఇండ్లవి.

ఇంతవఱకు చెప్పినది అచటి శోధకులందఱు ఎఱిగినదే. వారిలో చాలకాలము పలువు రడుగని ప్రశ్న యొకటి యుండెను. ఈ ఇల్లు ఎవరు కట్టిరి, ఎప్పుడు కట్టిరి, ఏ శిల్పి గీసిచ్చెను అని యడిగిరి గాని, ధన మెచటిది అని విరివిగ నడుగలేదు. 2020 సెప్టెంబరులో, పాతభవనములను కాపాడు నేషనల్ ట్రస్టు సంస్థవారు తమ అధీనములోని 93 స్థలములకు బానిసవ్యాపారముతోగాని వలసరాజ్యములతోగాని గల సంబంధమును వివరించుచు నొక నివేదిక ప్రకటించిరి. దానిపై గొప్ప కలహము పుట్టినది. భవనములను చూచి యానందింపవచ్చినవారిని అవమానించుచున్నారని కొందఱు పత్రికలలో మండిపడిరి. నా మట్టుకు ఇందు అవమాన మేమియు కనబడలేదు. పొయ్యిలెన్నియని లెక్కించుట చరిత్రయైనప్పుడు, ఆ పొయ్యిలో కాలిన కట్టె యెవరిదని యడుగుట చరిత్ర కాకపోవునా?

ఇప్పుడు పైన చెప్పిన భవనమునకు వత్తము. హర్టుఫర్డు పట్టణమునకు కొంచెము దూరమున వాటన్-ఎట్-స్టోన్ అను గ్రామమున వుడ్‌హాల్ పార్కు కలదు. పాత వుడ్‌హాల్ బొటెలర్ కుటుంబమువారిది. అది 1771లో కాలిపోయినది. తరువాత ఆ భూమిని థామసు రంబోల్డు కొని, 1777లో థామసు లెవర్టను అను శిల్పిచేత క్రొత్తభవనము నారంభింపించెను. అందొక గది గోడలనిండ ముద్రితచిత్రములు కత్తిరించి అతికించి, చుట్టును చట్రములు, తోరణములు వ్రాసినట్లు కూర్చిరి. ఆ యలంకారమును చూచుటకు శిల్పచరిత్రకారులు నేటికిని ముచ్చటపడుదురు. భవనమిప్పుడు పాఠశాలగ నున్నది.

ఈ రంబోల్డు ఎవడు? అతడు బీదవాడై లండనులోని యొక జూదపుక్లబ్బులో పరిచారకుడుగ నుండెననియు, బూట్లు తుడిచెననియు అతని శత్రువులు ప్రచారము చేసిరి. ఆ కథ చాలకాలము వ్యాపించియుండెను. కంపెనీ కాగితములు దానిని త్రోసివేయుచున్నవి. అతని తండ్రియే కంపెనీ యుద్యోగి. రంబోల్డు 1736లో పుట్టి, 1752లో పదునారేండ్ల ప్రాయమున కంపెనీ గుమాస్తాగ చేరెను. ప్లాసీ యుద్ధమున క్లైవునొద్ద నుండి గాయపడెను. పిదప పాట్నా కొఠీకి పెద్దయై, ధనికుడై 1769లో స్వదేశము చేరెను, పార్లమెంటు సభ్యుడయ్యెను. 1778 ఫిబ్రవరిలో మద్రాసు గవర్నరుగ మరల ఓడ దిగెను.

ఇచటినుండి కథ మనది. ఉత్తర సర్కారులు 1766లో నైజాముతో సంధివలన కంపెనీకి స్థిరపడియుండెను. ఆ జిల్లాలలో భూమిశిస్తు ఎంత, జమీందారుల శక్తి యెంత, రైతుల స్థితి యెట్టిది అని స్వయముగ తిరిగి విచారించుటకు డైరెక్టర్ల యాజ్ఞ ననుసరించి ఒక పర్యటనసంఘ మేర్పడి పనిచేయుచుండెను. రంబోల్డు వచ్చిన కొలదికాలముననే ఆ సంఘమును నిలిపివేసి, జమీందారులే మద్రాసునకు రావలెనని యుత్తరువు చేసెను. శ్రీకాకుళము ప్రాంతమునుండి మద్రాసునకు అయిదువందల మైళ్లకు పైమాట. పరివారముతో ఆ ప్రయాణపు వ్యయమే జమీందారులను క్రుంగదీయును. వచ్చినవారితో బేరములు నాలుగుగోడలమధ్య జరిగినవి. విజయనగరపు రాజైన విజయరామ గజపతికిని ఆయన యన్నయగు సీతారామరాజునకును గల తగవులో రంబోల్డు సీతారామరాజు పక్షము వహించెను. ఆ పక్షపాతమునకు వెల చెల్లినదని లోకము చెప్పుకొనెను. గవర్నరుగ నున్న రెండేండ్లలో అతడు ఇంగ్లండునకు పంపిన ధనము లక్షా అరువదివేల పౌనులకు పైబడినదని జేమ్సు మిల్లు తన భారతచరిత్రలో నభియోగముగ వ్రాసెను. 1781లో డైరెక్టర్లు రంబోల్డును పదవినుండి తొలగించిరి. 1782లో డుండాసు పార్లమెంటున అతనిని శిక్షించుటకు బిల్లు ప్రవేశపెట్టెను. మఱుసటియేడు అది సాగక వదలివేయబడినది. నేరము నిలువనులేదు, నిర్దోషియని తీర్పును రాలేదు. అతడు 1791లో చనిపోయెను.

అతని కూతురు ఎలిజబెత్తు యాన్ రంబోల్డు తండ్రి గౌరవమును నిలుపుటకై పత్రములు సేకరించి గ్రంథము వ్రాసెను. అది ఆమె మరణానంతరము 1868లో అచ్చుపడినది. తండ్రిపై ప్రేమతో వ్రాసిన పుస్తకము గనుక కొట్టివేయరాదు. మిల్లు తొందరపాటు చూపిన చోట్ల ఆమె వేలుపెట్టి చూపినది. కూతురు వ్రాసినది గనుక అంతయు నమ్మనురాదు.

ఇందు మనవారు జాగ్రత్తపడవలసిన సంగతి యొకటి కలదు. వుడ్‌హాల్‌ను మన సర్కారు రైతుల శిస్తుతో కట్టించెనని యొక్క మాటలో చెప్పివేయుటకు మనసు ఉబలాటపడును. తేదీలు చూడుడు. పునాది 1777, గవర్నరు పదవి 1778. కనుక ఆ పునాది మద్రాసు ధనముతో పడినది కాదు. అంతకుముందే బెంగాలులోను, పాట్నాలోను గడించినది అతనియొద్ద నుండెను. తరువాత లేచిన గోడలకు, అలంకారములకు మద్రాసు ధన మెంత చేరెనో తేల్చుటకు శిల్పికి చెల్లించిన చీటీలను, లండను చేరిన హుండీలను తేదీవారిగ సరిచూడవలసి యుండును. జూదపుక్లబ్బు పరిచారకుడను నింద ఎట్టిదో, ప్రతి యిటుకయు సర్కారులదే యనుట అట్టిదే. ఈ మాట చెప్పుటవలన రంబోల్డు పనికి సమర్థన కలుగదు. పర్యటనసంఘమును రద్దుచేయుటవలన రైతు సంగతి విచారింపగల యొక్క మార్గము మూతపడినదనుట తేదీతో సహా నిలుచు సత్యము. దానికి లంచము ఋజువు కానక్కఱలేదు.

రంబోల్డు పిదప వుడ్‌హాల్‌ను కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డు. ఈ పేరు మద్రాసు చరిత్ర చదివినవారికి క్రొత్తది కాదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీకి అప్పులిచ్చి, ఆ యప్పులకై తంజావూరు పంటలపై హక్కు చెప్పి, ఒక గవర్నరు పతనమునకు కారకులైనవారిలో నొక్కడు. 1785 ఫిబ్రవరి 28వ తేదిని ఎడ్మండు బర్కు పార్లమెంటున నవాబు అప్పులగూర్చి చేసిన ప్రసంగమున ఇతనిపై నిప్పులు కురిపించెను. ఒకే భవనము వెంటవెంట ఇద్దఱు మద్రాసు ధనికుల చేతులు మాఱుట యాదృచ్ఛికము కాదు. అంతటి మూల్యము రొక్కముగ నిచ్చువారు ఆనాడు అట్టివారే. బెన్‌ఫీల్డు సిరి నిలువలేదు. వ్యాపారమున దివాలాతీసి, 1801లో భవనమును సామ్యుయెల్ స్మిత్తు అను బ్యాంకుదారునకు వదలుకొని, 1810లో పారిసు నగరమున దరిద్రుడై మరణించెను.

స్మిత్తు వంశమువారి యెస్టేటు పత్రములు హర్టుఫర్డు పట్టణమున కౌంటీ పత్రాగారమునందు భద్రముగ నున్నవి. చదువగోరువా రెవరైనను పోయి చూడవచ్చును. రంబోల్డు, బెన్‌ఫీల్డుల కంపెనీ కాగితములు లండనులో బ్రిటిష్ లైబ్రరీయందున్నవి. సర్కారులపై మద్రాసు ప్రభుత్వము జరిపిన యాలోచనల పుస్తకములు చెన్నపట్టణమున ఎగ్మూరు పత్రాగారమున గలవు. ఇక నాలుగవది కలదు. ఆ కాలమునకు ఒక తరము తరువాత కల్నల్ మెకంజీ కొలువులో కావలి సోదరులు మొదలగువారు గ్రామగ్రామము తిరిగి, కరణముల కవిలెలు చూచి వ్రాయించిన తెలుగు కైఫీయతులు. వుడ్‌హాల్ చరిత్ర వ్రాయుటకు మొదటి రెండు చోట్లకు పోయినవారు కలరు. తక్కిన రెంటికిని పోవుటకు తెలుగు చదువ వచ్చినవాడు కావలయును.